పెద్దపిల్లవాడు చిన్నపిల్లల గుండీలు పెడుతూ ఉంటే, వాడి చదువు సాగుతున్నట్టేనా?

ఒక గ్రామంలో 14 ఏళ్లుగా అంగన్‌వాడీ టీచరుగా పనిచేస్తున్న పాఠకురాలు ఎనిమిది పేజీల ఉత్తరం రాశారు. తన పేరు, ఊరి పేరు బయటపెట్టవద్దని కోరారు. ఆమె కేంద్రంలో మూడేళ్లు నిండినవారి నుంచి ఆరేళ్లకు దగ్గరపడినవారి వరకు 19 మంది పిల్లలు ఒకే గదిలో ఉండేవారు. మొదటి పన్నెండేళ్లు ఆమె అందరిలాగే పలకలు పట్టించి, తాను చెబుతుంటే పిల్లలు వల్లించేలా అక్షరాలు, అంకెలు నేర్పారు. రెండేళ్ల క్రితం ఒక శిక్షణకు వెళ్లి వచ్చాక ఆ పద్ధతి మార్చుకున్నారు. గదిలో బొమ్మలకు ఒక మూల, ఇసుకకూ నీళ్లకూ ఒక మూల, కథల పుస్తకాలకు ఒక మూల, చింతపిక్కలు, గవ్వలు, సీసా మూతలతో లెక్కలకు ఒక మూల ఏర్పాటు చేశారు. ఉదయం గంటన్నర సేపు ఎవరు ఏ మూలకు వెళ్లాలో పిల్లలే నిర్ణయించుకుంటారు. చేరిన నాలుగు నెలల వరకు నోరు విప్పని ఒక మూడేళ్ల పాప, ఇసుక మూలలో ఐదేళ్ల అమ్మాయి పక్కన కూర్చుని మెల్లగా మాటలు మొదలుపెట్టిన వైనాన్ని ఆమె దాదాపు ఒక పేజీ నిండా రాశారు.

ఆ తరువాతి పేజీలన్నీ బాధే. ఈ జూన్‌లో ఐదుగురు పిల్లలు మండల కేంద్రంలోని ప్రైవేటు బడికి వెళ్లిపోయారు. వారిలో ఐదున్నరేళ్ల బాబు తండ్రి తల్లుల సమావేశానికి వచ్చి, అందరి ముందూ, "మావాణ్ని చదువుకోవడానికి పంపించాను గానీ మీ పిల్లల్ని ఆడించడానికి కాదు" అని గట్టిగా అన్నాడు. పదేళ్లుగా తోడున్న ఆయమ్మ కూడా పలకలే మేలంటోంది. సూపర్‌వైజర్ కాదనడం లేదు, కానీ హాజరు తగ్గడం గురించి ప్రతి సెక్టార్ మీటింగులోనూ అడుగుతున్నారు. వీటన్నిటికీ మించి, పట్నంలో ఉన్న కొడుకూ కోడలూ నాలుగేళ్ల మనవరాలిని ఎల్‌కేజీలో చేర్చారు. పండగకు వచ్చిన ఆ పాప అరుగు మీద నిలబడి ఏబీసీడీలు, వంద వరకు అంకెలు గడగడా చెబుతుంటే, ఎదురింటివారు "మీ మనవరాలిని మాత్రం అక్కడ వేశారు కదా టీచరమ్మా" అన్నారట. "ఆ రోజు నాకు అన్నం సహించలేదు. నా దగ్గరి పిల్లలు నిజంగా నేర్చుకుంటున్నారా, లేక నన్ను నేను మభ్యపెట్టుకుంటున్నానా? మళ్లీ పలకలు తీయమంటారా?" అని ఆమె అడుగుతున్నారు.

టీచర్ గారూ,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి మీ బాధే కనిపించింది. రెండోసారి చదివినప్పుడు, ఐదో పేజీలో మీరు పెద్దగా పట్టించుకోకుండా రాసి వదిలేసిన ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. వెళ్లిపోయిన ఆ బాబు గురించి మీరు ఇలా రాశారు: "వాడుంటే నాకు సగం పని తగ్గేది. చిన్నవాళ్ల చొక్కా గుండీలు పెట్టేవాడు, నీళ్లు పట్టేవాడు, గుడ్లు పంచేవాడు, ఏడ్చేవాళ్లను ఊరుకోబెట్టేవాడు." మీ ప్రశ్నలకు జవాబు చాలావరకు ఈ వాక్యంలోనే ఉందని నాకు అనిపిస్తోంది. అయితే దాని దగ్గరికి వచ్చేముందు, మీ మనసులో కలగలిసిపోయిన మూడు విషయాలను విడదీసి చూద్దాం. పద్ధతి సరైనదా అన్నది ఒకటి, తల్లిదండ్రుల భయం మరొకటి, మీ ఇంట్లో తగిలిన నొప్పి ఇంకొకటి. మూడింటికీ మందు ఒకటే కాదు.

ముందు పద్ధతి సంగతి. వేర్వేరు వయసుల పిల్లలను ఒకే గదిలో ఉంచి, పని ఎంచుకునే స్వేచ్ఛ వారికే ఇవ్వడం నిన్న మొన్న ఎవరో కాగితం మీద రాసిన ప్రయోగం కాదు. 1907 జనవరి 6న రోమ్ నగరంలోని సాన్ లొరెంజో అనే కూలీల పేటలో ఇటలీ వైద్యురాలు మరియా మాంటిస్సోరి మొదటి పిల్లల ఇల్లు తెరిచినప్పుడు, అక్కడికి వచ్చినవారు తల్లిదండ్రులు పనికి పోతే మెట్ల మీదా వీధిలోనూ తిరిగే పేద పిల్లలు. బడి ఈడు రాని ఆ పిల్లలందరూ ఒకే గదిలో ఉండేవారు. వారిని చూసుకోవడానికి కుదిరింది కూడా పెద్ద చదువులు చదివిన ఉపాధ్యాయురాలు కాదు, ఆ పేటకే చెందిన ఒక సామాన్య స్త్రీ. మొదట్లో ఆటవస్తువులను బీరువాలో పెట్టి తాళం వేసేవారు. ఒకరోజు ఆ తాళం వేయడం మరిచిపోయారు. పిల్లలు ఎవరికి కావలసినది వారే తీసుకుని, ఎవరూ చెప్పకుండానే పనిలో మునిగిపోయారు. అది చూశాకే మాంటిస్సోరి బీరువాలు తీసేసి, పిల్లల చేతికందే ఎత్తులో తెరిచి ఉన్న అరలు పెట్టించారు. ఆమె 1939లో మద్రాసులోని అడయారుకు వచ్చారు. యుద్ధం వల్ల అనుకున్నదానికంటే చాలా ఎక్కువ కాలం మన దేశంలో ఉండిపోయి, ఎందరో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు.

మన దగ్గరే చూస్తే, మదనపల్లె పక్కన ఉన్న రిషీవ్యాలీ పాఠశాల వారు చుట్టుపక్కల పల్లెల్లో నడిపిన ఒంటిగది బడులు ఉన్నాయి. ఒక్క ఉపాధ్యాయుడు, ఐదు తరగతుల పిల్లలు, ఒకే గది. చదవవలసినదంతా చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, నిచ్చెన మెట్లలా వరుసగా అమర్చి గోడకు తగిలించారు. ఏ పిల్లవాడు ఏ మెట్టు మీద ఉన్నాడో వాడికే తెలుస్తుంది. అక్కడ నాకు ఎంతో నచ్చిన ఏర్పాటు ఒకటుంది. పిల్లలు వయసును బట్టి గుంపులుగా కూర్చోరు, ఆ సమయంలో వారికి ఎవరి సాయం కావాలో దాన్ని బట్టి కూర్చుంటారు. పూర్తిగా ఉపాధ్యాయుడి సాయం కావలసినవారు ఒకచోట, కొంత సాయం చాలినవారు మరొకచోట, తోటిపిల్లల సాయంతో చేసేవారు ఇంకొకచోట, ఎవరి సాయమూ లేకుండా తమంతట తామే చేసుకునేవారు వేరొకచోట ఉంటారు.

ఈ నాలుగు చోట్లనూ మీ గదితో పోల్చి చూడమని అడుగుతున్నాను. ఆ ఐదున్నరేళ్ల బాబు మీ గదిలో ఏ చోట కూర్చునేవాడు? వాడు ఎప్పుడూ సాయం చేసేవాడే. వాడికి సాయం కావలసిన చోట, వాడి చేతికి ఇంకా అందని పని ఉన్న చోట, వాడు కూర్చున్నట్టు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు.

మిమ్మల్ని తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. ఒక చేతిలో 19 మంది పిల్లలు, ఇంకో చేతిలో ఫోనులో నింపవలసిన వివరాలు, గర్భిణులకు ఇవ్వవలసిన సరుకులు, నెలనెలా తూయవలసిన బరువులు ఉన్న మనిషికి, చొరవగల పిల్లవాడు ఒకడు దొరికితే చేయూతలా అనిపించడం సహజం. పైగా చిన్నవారికి నేర్పడంలో పెద్దవాడు కూడా నేర్చుకుంటాడు. తనకు తెలిసినది ఎదుటివారికి అర్థమయ్యేలా చెప్పాలంటే దాన్ని మనసులో మళ్లీ పేర్చుకోవాలి. ఆ పేర్చుకోవడం గట్టి చదువే. కానీ నేర్పడం వేరు, సేవ చేయడం వేరు. గుండీ ఎలా పెట్టుకోవాలో మూడేళ్ల పాపకు చూపించి, ఆమె తనంతట తాను పెట్టుకునేదాకా పక్కన ఓపికగా ఉంటే అది నేర్పడం. రోజూ పదిమంది గుండీలు తానే పెడుతూ పోతే, మొదటి వారం తరువాత అందులో వాడు నేర్చుకునేది ఏమీ మిగలదు, ఆ చిన్నవారు నేర్చుకునేదీ ఉండదు. ఆ తండ్రి మాట తీరు కఠినంగానే ఉంది, నలుగురిలో అనడం మీకు అవమానంగానే ఉంటుంది. అయినా ఆయన చూసిన దాంట్లో సగం నిజం ఉందని ఒప్పుకుంటే తప్ప మిగతా సగానికి మీరు ధైర్యంగా జవాబు చెప్పలేరు.

పిల్లల ఇష్టానికి వదలడం అంటే టీచరు పక్కకు తప్పుకోవడం అని చాలామంది అనుకుంటారు. నిజానికి ఈ పద్ధతిలో టీచరు పని పెరుగుతుంది. పలక పద్ధతిలో 19 మందికీ ఒకటే పాఠం చెబితే సరిపోతుంది. ఈ పద్ధతిలో ఎవరు ఏ మూలకు పోతున్నారు, ఏ మూలకు అసలు పోవడం లేదు, చేసిన పనే ఎన్నాళ్లుగా చేస్తున్నారు అని రోజూ కనిపెట్టి, రేపు ఆ మూలలో ఏ కొత్త వస్తువు పెట్టాలో ఆలోచించాలి. రెండేళ్లుగా మీ లెక్కల మూలలో అవే చింతపిక్కలు, అవే మూతలు ఉన్నాయని మీరే రాశారు. మూడేళ్లవారికి అవి చాలు. ఐదున్నరేళ్లవాడు వాటిని ఏనాడో దాటేసి ఉంటాడు. చేయడానికి పని లేకనే వాడు గుండీల వైపు వెళ్లి ఉంటాడని నా అనుమానం.

ఇక మీరు అడిగిన అసలు ప్రశ్న: పిల్లలు నేర్చుకుంటున్నారా? దీనికి జవాబు నా దగ్గర లేదు, మీ గదిలోనే దొరుకుతుంది. రోజుకు ముగ్గురు పిల్లలను మాత్రమే ఎంచుకుని, ఒక్కొక్కరిని పది నిమిషాలు గమనించి, పాత నోటుపుస్తకంలో రెండేసి వాక్యాలు రాసుకోండి. ఇప్పుడున్న 14 మందీ వారం రోజుల్లో ఒక చుట్టు పూర్తవుతారు. రాసేటప్పుడు "బాగా ఆడాడు" అని కాకుండా చూసినది చూసినట్టు రాయండి. ఏడు గవ్వలు తెమ్మంటే లెక్కపెట్టి ఏడే తెచ్చిందా, గుప్పెడు తెచ్చిందా? ఆ గవ్వలనే దూరం దూరంగా పరిచి ఎన్ని ఉన్నాయని అడిగితే మళ్లీ మొదటి నుంచి లెక్కపెడుతోందా, ఏడే కదా అంటోందా? తల, తట్ట, తలుపు అన్న మాటలు ఒకేలా మొదలవుతాయని పట్టుకుంటున్నాడా? విన్న కథను మరునాడు తన మాటల్లో చెప్పగలుగుతోందా? గొడవ వచ్చినప్పుడు చేయి లేపకుండా మాటతో తేల్చుకుంటున్నారా? అంకెలు వరుసగా చెప్పడం వేరు, వస్తువులను లెక్కపెట్టడం వేరు అన్న సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. మన పిల్లలు కాళ్లు చాపి వరుసగా కూర్చుని "కాళ్లా గజ్జా కంకాళమ్మా" ఆడేటప్పుడు ఒక్కో మాటకు ఒక్కో కాలు తాకుతారు. మూడేళ్ల పాప ఆ వరుసలో రెండు కాళ్లు దాటేసి తాకుతుంది, ఐదేళ్ల అక్క ఆమె చేయి పట్టుకుని సరిచేస్తుంది. లెక్కకు పునాది అక్కడే పడుతుంది. అన్ని వయసులవారూ కలిసి కూర్చోకపోతే ఆ ఆట అంత బాగా సాగదు కూడా.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

మళ్లీ పలకలు తీయడం ఒక దారి. దాని వల్ల కొంత మేలు వెంటనే కనిపిస్తుంది. పలక నిండా అక్షరాలతో పిల్లలు ఇంటికి వెళితే తల్లిదండ్రుల మనసు కుదుటపడుతుంది, ఆయమ్మకు గది నిశ్శబ్దంగా ఉంటుంది. కానీ వెళ్లిపోయిన ఐదుగురూ దానివల్ల తిరిగి వస్తారని నేను అనుకోను. వారు పలక కోసం వెళ్లలేదు, వ్యాను, యూనిఫాం, ఇంగ్లీషు కోసం వెళ్లారు. ఆ విషయాల్లో మీ కేంద్రం పోటీ పడలేదు. ఉన్నవారిలో మూడేళ్ల పిల్లలకు మాత్రం నష్టం గట్టిగానే ఉంటుంది. మన అక్షరాలన్నీ గుండ్రనివి. 'అ' రాయాలంటే మణికట్టు తిరగాలి, వేళ్లు బలపాన్ని అదుపులో పెట్టుకోవాలి. ఆ పట్టు రాకముందే రాయిస్తే పిడికిలి బిగించి రాయడం అలవాటవుతుంది. ఇసుకలో వేలితో గీయడం, పిండి పిసకడం, ముగ్గుకు చుక్కలు పెట్టడం ఆ చేతిని సిద్ధం చేసే పనులు. ఇసుక మూలలో మాటలు నేర్చుకున్న ఆ పాప పలక పట్టుకుని వరుసలో కూర్చుంటే మళ్లీ మౌనంలోకి జారుకోవచ్చు.

ఇప్పుడున్నది ఉన్నట్టే కొనసాగించడం రెండో దారి. విధానపరంగా మీకు అండ ఉంది. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును ఒకే పునాది దశగా చూసింది. దాన్ని అనుసరించి 2022లో వచ్చిన పాఠ్యప్రణాళిక చట్రం ఆటనే బోధనకు మూలంగా పెట్టింది. ఎవరైనా ప్రశ్నిస్తే ఈ మాటలు చెప్పవచ్చు. కానీ పెద్దపిల్లల విషయంలో నేను పైన చెప్పిన లోటు అలాగే ఉండిపోతుంది. వచ్చే జూన్‌లో ఇంకో ఇద్దరు ముగ్గురు తండ్రులు అదే మాట అంటారు. అప్పుడు విధాన పత్రం మీకు సాయపడదు.

మూలలు ఉంచుతూనే పెద్దవారి కోసం ఒక వేళ కేటాయించడం మూడోది. ఐదేళ్లు దాటినవారు మీ దగ్గర ఇప్పుడు నలుగురే ఉన్నారని రాశారు. పాలు తాగాక చిన్నవారు ఆయమ్మ దగ్గర పాటలు పాడుకునే అరగంట ఈ నలుగురినీ మీ దగ్గర కూర్చోబెట్టుకోండి. అ నుంచి ఱ వరకు వరుస పట్టుకుని పోనక్కరలేదు. వారి పేర్లతోనే మొదలుపెట్టవచ్చు. తన పేరులోని మొదటి అక్షరం ఏ పిల్లవాడికైనా ప్రాణం. ఆ తరువాత తల, వల, గద లాంటి గుణింతం లేని చిన్న మాటలు ఇవ్వండి. లెక్కల మూలలో తక్కెడ ఒకటి పెట్టండి, వామనగుంటల పీట తెప్పించండి, కథల మూలలో వారు చెప్పిన కథను మీరు పెద్ద అక్షరాలతో రాసి, వారితో బొమ్మ వేయించి పుస్తకంగా కుట్టండి. చిన్నవారికి సాయం చేసే పనిని వారానికి ఒకరి చొప్పున వంతులు వేయండి, ఆ వంతు మూడేళ్లవారికి కూడా రావాలి. దీనివల్ల మీకు కలిగే ఇబ్బంది కూడా చెప్పాలి. ఆ అరగంట ఆయమ్మ సహకారం లేకుండా దొరకదు. ఆమె పలకలే మేలంటోందంటే, పిల్లలు నాలుగు దిక్కులా ఉన్నప్పుడు ఇసుక ఊడ్చేదీ నీళ్లు తుడిచేదీ ఆమే కావడం ఒక కారణం కావచ్చు. మూలలు సర్దే పని పిల్లలకు అలవాటు చేసి, ఏ వస్తువు ఎక్కడ పెట్టాలో అరల మీద బొమ్మ గీసి అంటిస్తే ఆమె భారం తగ్గుతుంది. ముందు ఆమెతో కూర్చుని మాట్లాడండి. తనను అడిగి చేసిన మార్పుకు ఆమె అడ్డుచెప్పదని నా నమ్మకం.

నా మొగ్గు మూడో దారి వైపే ఉందని మీకు అర్థమయ్యే ఉంటుంది. అయినా మీ గది, మీ ఒంట్లో ఉన్న ఓపిక నాకంటే మీకే బాగా తెలుసు. ఈ ఏడు అంత శక్తి లేదనుకుంటే, ఆ నలుగురి అరగంటను వారానికి మూడు రోజులకు కుదించుకున్నా ఏమీ చేయకపోవడం కంటే మేలు.

తల్లిదండ్రుల భయం గురించి ఒక మాట. వారి భయానికి కేంద్రం మీ గది కాదు, ఒకటో తరగతి. రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం వచ్చింది. ఆరేళ్లకు పిల్లవాడు అక్కడికి వెళ్లినప్పుడు వెనకబడతాడేమో అని ఏ తండ్రికైనా గుబులుగా ఉంటుంది. దాన్ని తేలికగా తీసుకోకండి. మీ ఊరి ప్రాథమిక పాఠశాల ఒకటో తరగతి ఉపాధ్యాయుడిని కలిసి, వచ్చే పిల్లలకు ఏమేమి తెలిసి ఉంటే ఆయనకు సులువో అడిగి రాసుకోండి. మీ దగ్గర చదివి ఈ రెండేళ్లలో అక్కడికి వెళ్లిన పిల్లలు ఎలా ఉన్నారో కూడా అడగండి. ఆ జవాబు మీకు నచ్చినా నచ్చకపోయినా పనికొస్తుంది. తల్లుల సమావేశంలో మీరు మాట్లాడటం తగ్గించి, నెలకు ఒక ఉదయం తల్లులను మూలల దగ్గరే గంటసేపు కూర్చోబెట్టండి. నోటుపుస్తకంలో వారి బిడ్డ గురించి మీరు రాసుకున్నది చదివి వినిపించండి. "మీ పాప ఆషాఢంలో గుప్పెడు గవ్వలు తెచ్చేది, కార్తీకంలో లెక్కపెట్టి ఏడు తెచ్చింది" అని తేదీతో సహా చెప్పగలిగితే, పలక మీది అక్షరాలు ఇచ్చే భరోసా వారికి అక్కడ దొరుకుతుంది. ఇంగ్లీషు పాటలు, వస్తువుల పేర్లు ఆటలో భాగంగా చెప్పడానికి మీకు అభ్యంతరం ఉండనక్కరలేదు. కథ, కబురు, ఆలోచన మాత్రం ఇంటి భాషలోనే సాగనివ్వండి.

మీ మనవరాలి సంగతి చివరికి ఉంచాను, ఎందుకంటే మిమ్మల్ని అన్నిటికంటే ఎక్కువ కుంగదీసింది అదే. ఎదురింటివారి మాట ములుకులా గుచ్చుకుని ఉంటుంది. కానీ ఆ పాపను ఏ బడిలో వేయాలో తేల్చుకోవలసింది ఆమె తల్లిదండ్రులు. పట్నంలో ఇద్దరూ ఉద్యోగాలకు పోయేవారైతే, సాయంత్రం వరకు ఉంచుకునే బడి, ఇంటి ముందుకు వచ్చే వ్యాను వారికి చదువు పద్ధతి కంటే ముందు కనిపించి ఉండవచ్చు. కోడలు మీ పనిని చిన్నచూపు చూసి ఆ నిర్ణయం తీసుకుందని మీ ఉత్తరంలో ఎక్కడా ఆధారం లేదు. మీ అబ్బాయితో ఈ విషయం ఎత్తితే, వారి నిర్ణయాన్ని మీరు తప్పుపడుతున్నారని కోడలు నొచ్చుకోవచ్చు. ఎత్తకపోతే ఆ ముల్లు మీలోనే ఉండిపోవచ్చు. మాట్లాడాలనుకుంటే బడి గురించి కాకుండా, ఆ రోజు అరుగు మీద మీకు ఎలా అనిపించిందో మాత్రమే చెప్పి చూడండి. వారు మీ బిడ్డలు, అర్థం చేసుకుంటారు. ఎదురింటివారికి మాత్రం, "అది వాళ్ల అమ్మానాన్నల ఇష్టం, నా దగ్గరికి వచ్చే పిల్లల బాధ్యత నాది" అంటే చాలు.

ఒక్క పని మాత్రం చేయకండి. ఈసారి సెలవులకు పాప వచ్చినప్పుడు ఏడు గవ్వలు తెమ్మని ఆమెను పరీక్షించి, మీ పద్ధతే గెలిచిందని ఎవరికీ చూపించకండి. నాలుగేళ్ల పిల్ల మన వాదానికి సాక్ష్యం కాకూడదు. ఆ వారం రోజులూ ఆమెను మీతోపాటు కేంద్రానికి తీసుకువెళ్లి, నచ్చిన మూలలో కూర్చోనివ్వండి.

ఆ బాబు తండ్రిని మాత్రం ఈ నెలలోనే కలవండి. వాణ్ని వెనక్కి పంపమని అడగడానికి కాదు. ప్రైవేటు బడిలో చేరినవాణ్ని అక్కడే కుదురుకోనివ్వండి. "మీరన్న మాటలో నిజం ఉంది, పెద్దపిల్లలకు పని సరిపోవడం లేదని నాకూ తెలిసింది, ఇప్పుడు ఇలా మారుస్తున్నాను" అని ఆయనకు చెప్పండి. ఆయన రెండో బిడ్డకు రెండున్నరేళ్లని మీరే రాశారు. ఇంకో ఆరు నెలల్లో ఆ పిల్ల మీ గుమ్మం తొక్కే ఈడుకు వస్తుంది.